వెండ్రుకవాసి సందు

వంటకములను, కుట్టుపనులను, శిశుపోషణమును గూర్చి చదువుదమని ఈ పత్రికను విప్పిన సోదరీమణులు, పిస్టను, సిలిండరు అను మాటలు కంటబడగనే, మగవారి పత్రికలోని కాగితము పొరబాటున నిందు చేరినదేమో యని పుట త్రిప్పుదురేమో! త్రిప్పవలదని వేడుకొనుచున్నాము. మేము వ్రాయబోవునది మా యింటి సంగతియే. అత్తగారి కోరిక యొకటి తీర్చుటకై మేమును మా వారును రెండేండ్లు పడిన పాట్లును, ఆ నడుమ నొక వెండ్రుకవాసి సందు మాకు తెచ్చిన చిక్కును ఇందు గలవు.

మా మామగారు కృష్ణా డెల్టాలో కాలువల శాఖయందు పనిచేసెడివారు. 1978లో వారొక బుల్లెట్టు మోటారు సైకిలును కొనిరి. ఆ బండికి పుట్టినిల్లు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణము. 1955లో అక్కడి రాయల్ ఎన్‌ఫీల్డు వారును మద్రాసు మోటార్సు వారును కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా యను సంస్థను నెలకొల్పి, మద్రాసు చెంత తిరువొత్తియూరున ఆ బండ్లను తయారుచేయింప నారంభించిరి. పుట్టినింట తలుపులు మూతపడిన పిదపను మెట్టినింట ఆ బండి సుఖముగనే వర్ధిల్లెను. ఇట్టి కథలు మన ఆడువారికి క్రొత్తవి కావు గదా!

మామగారు ప్రొద్దుననే బయలుదేరి కాలువగట్ల వెంట లాకులన్నియు చూచుకొని మధ్యాహ్నమునకు ఇల్లు చేరెడివారట. ఊరిబయటి లాకులకడ బండి చప్పుడు వినబడగనే అత్తగారు విస్తరి వేసి నీళ్లు చల్లెడివారట. వారు కాళ్లు కడుగుకొని పీటమీద కూర్చుండునప్పటికి అన్నము పొగలు గ్రక్కుచుండెడిదట. ఆ యింట గోడగడియారమున్నను భోజనవేళ తెలిసికొనుటకు దానిని చూచినవారు లేరు. మామగారు 2011లో స్వర్గస్థులైరి. నాటినుండి బండి పెరటి పాకలో గోనెపట్టా కప్పుకొని నిలిచిపోయెను. దాని సీటుమీద పిల్లి రెండుమారులు ఈనినది కూడ.

2022 వేసవిలో అత్తగారికి ఎడమచెవి బొత్తిగా వినబడకుండ పోయెను. కుడిచెవియు క్రమముగా మందగించునని వైద్యుడు చెప్పెను. ఆ సాయంకాలము వారు అరుగుమీద కూర్చుండి మా వారితో, "ఆ బండి చప్పుడు ఒక్కసారి వినాలని ఉందిరా, ఈ చెవి కూడా పోకముందే" అనిరి. మేము కాపురమునకు వచ్చిన నాటినుండి ఆమె నోట 'నాకిది కావలెను' అను మాట వినియెఱుగము. పండుగకు చీర తెత్తుమన్నను ఉన్నవి చాలుననెడివారు. కావున మఱునాడే మా వారు గోనెపట్టా తొలగించి, బండిని వాకిటికి త్రోసి, కిక్కు కొట్టిరి. అది కదలలేదు. పదునొకండేండ్ల తుప్పు లోపల పిస్టనును పట్టుకొని యుండెను.

ఇక్కడ పిస్టనన నేమో, సిలిండరన నేమో చెప్పవలసి యున్నది. జంతికల గొట్టము నెఱుగని గృహిణి లేదు. ఆ గొట్టమే సిలిండరు. లోపల పిండిని నొక్కు బిళ్లయే పిస్టను. బిళ్ల వదులైనచో పిండి క్రిందికి దిగక ప్రక్కలనుండి పైకి తన్నుకొని వచ్చును. బిగుతైనచో బిళ్ల కదలనే కదలదు. బుల్లెట్టులో ఈ గొట్టము పోతయినుముతో చేసినది. అందలి పిస్టను అల్యూమినియముది. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి లోపల మండినప్పుడు పుట్టు వాయువు పిస్టనును క్రిందికి దన్నును; ఆ దన్నే తుదకు చక్రమును త్రిప్పును. గొట్టము లోపలి వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను ఎక్కి దిగు మేర 90 మిల్లీమీటర్లు.

చిన్ననాట మా తండ్రిగారు మాకు లీలావతీ గణితము చెప్పియుండిరి. అందు భాస్కరాచార్యులు వృత్తపరిధికి వ్యాసమును స్థూలముగా 22/7 తోను, సూక్ష్మముగా 3927/1250 తోను గుణింపుమనిరి. మేము స్థూలమానముతోనే లెక్క వేసితిమి. మూడున్నర సెంటీమీటర్ల వ్యాసార్ధమును దానితోనే గుణించి, 22/7 తో హెచ్చించి, తొమ్మిది సెంటీమీటర్ల యెత్తుతో మఱల హెచ్చింపగా 346½ ఘన సెంటీమీటర్లు వచ్చెను. బండి కాగితములలో 346 అని యున్నది! ఎనిమిదివందల యేండ్లు దాటిన లెక్క మద్రాసు బండికి సరిపోయినదని మేము వంటింటినుండి కేకపెట్టిన సంగతి మా వారు నేటికిని పదిమందిలో చెప్పి నవ్వుచుందురు. నవ్విన నవ్వుదురు గాక.

బండిని మా యూరనే యున్న యొక దుకాణమునకు చేర్చితిమి. వారు గొట్టమును ఊడదీసి చూడగా లోపలి గోడ తుప్పుతో గుంటలు పడి, పైభాగమున నొక గట్టువలె అరిగి యుండెను. అరిగిన గొట్టమును పాఱవేయ నక్కఱలేదు. లోపలి గోడను సమముగా మఱికొంత తొలిచి, దానికి తగిన లావు పిస్టనును వేయుదురు. దీనిని రీబోరు చేయుట యందురు. లావు పిస్టనులు 20, 40, 60 అను మూడు మెట్లలో దొరకును. అనగా మొదటి కొలతకంటె అంగుళమున వేయింట ఇరువది, నలుబది, అరువది పాళ్లు ఎక్కువ. అరువది దాటినచో గోడ పలుచనగును గనుక ఇక తొలువరాదు. లోపల స్లీవను క్రొత్త తొడుగును దిగగొట్టింపవలసినదే. మామగారు తమ కాలముననే ఇరువదిని వాడుకొనిరి. మాకు మిగిలినవి రెండే అవకాశములు.

ఆ దుకాణమువారు ముందు గొట్టమును నలుబదికి తొలిపించి, తరువాత పిస్టనును కొని తెచ్చిరి. మేము వెళ్లి, "నడుమ సందెంత విడిచితి"వని పనివానిని అడిగితిమి. అతడు పిస్టనును గొట్టమున నుంచి బొటనవ్రేలితో గట్టిగా నెట్టి చూపి, "టైటుగా ఉంటేనే మంచిదమ్మగారూ. తిరగ్గా తిరగ్గా అదే వదులవుద్ది" అనెను. ఆ మాట మాకును సమంజసముగనే తోచెను. క్రొత్త చెప్పులును, క్రొత్త రవికయు మొదట బిగుతుగ నుండి వాడుకలో సర్దుకొనుచున్నవి గదా! అంకె చెప్పుమని మఱొకమారు అడుగక మేము ఇంటికి వచ్చితిమి. ఈ కథలో మా తప్పు అదియే. మెల్లగా నడుపుమన్న మాటను మఱచుట మా వారి తప్పు.

నవంబరులో నొక ఆదివారము బండి సిద్ధమైనదని కబురు వచ్చెను. అత్తగారు మధ్యాహ్నమే మడతచీర కట్టుకొని, కుడిచెవి వీథివైపునకు వచ్చునట్లు అరుగుమీద ప్రక్కగా కూర్చుండిరి. మా వారు బండి నెక్కి, ఇంటికి తెచ్చుటకు ముందొకసారి పరీక్షింతమని పెద్దరోడ్డు వెంట పోయిరి. చాలకాలమునకు తండ్రిగారి బండి తమ చేతిలో పలికినదను సంతోషమున వేగము పెంచిరట. 18 కిలోమీటర్ల కడ ఇంజను ఒక్కమారు మూలిగి పట్టివేసెను. వెనుకచక్రము బిగిసి బండి ప్రక్కకు జాఱెను. దైవకృపవలన మోకాలు గీరుకొనుటతో గండము గడచెను. మా అమ్మాయి తానును వెనుక ఎక్కి వత్తునని ఆనాడు మారాము చేసెను. మేము పంపలేదు. ఆ సంగతి తలచుకొన్న నేటికిని మా చేతులు చల్లబడును.

సందె చీకటివేళ ట్రాలీ ఆటోలో బండి పరుండి వచ్చెను. అత్తగారు లేచి నిలువబడి, "అబ్బాయికి దెబ్బ తగిలిందా?" అని మాత్రమే అడిగి, లోనికి పోయి దీపము వెలిగించిరి. మఱి బండి మాట ఎత్తలేదు. చీటీ పాడి తెచ్చిన 14,000 రూపాయలు పోయినందుకంటె ఆమె మాటాడకపోవుట మాకు ఎక్కువ బాధయైనది. పాతబండ్లు కొనువాడొకడు ఎట్లో వాసన పట్టి వచ్చి బేరము పెట్టెను. మా వారు సరేయనబోయిరి. మేము లోపలినుండి వారిని పిలిచి ఒక యేడాది గడువడిగితిమి. ఇచ్చిరి.

ఆ చలికాలము పిల్లల భౌతికశాస్త్ర పుస్తకములను ముందు వేసికొని కూర్చుంటిమి. చదివినకొలది మాకే సిగ్గు కలిగినది. ఏలయన ఆ సూత్రము మనము వంటింట నిత్యము వాడునదే. ఒకదానిలో నొకటి యిరుకుకొన్న స్టీలు గ్లాసుల నూడదీయుటకు మనమేమి చేయుదుము? వెలుపలి గ్లాసును వేడినీళ్ల నుంచి, లోపలిదానిలో చన్నీళ్లు పోయుదుము. వెలుపలిది పెరుగును, లోపలిది తగ్గును, రెండును విడివడును. ఇంజనులో జరుగునది సరిగా దీనికి తలక్రిందులు. లోపల మండు వాయువు వేడి రెండువేల డిగ్రీలకు మించును. ఆ మంట మొదట సోకునది పిస్టను నెత్తికి. వెలుపలి గొట్టమునకో, చుట్టును రెక్కలుండి గాలి తగులుచుండును. అనగా వేడినీళ్లు లోపలి గ్లాసులోను, చన్నీళ్లు వెలుపలను!

అంతటితో పోలేదు. సమానముగ వేడిచేసినను అల్యూమినియము పోతయినుముకంటె రెండింతలు పెరుగును. 70 మిల్లీమీటర్ల అల్యూమినియము నూరు డిగ్రీలు వేడెక్కినచో 0.16 మిల్లీమీటరు పెరుగును. ఇనుము అందు సగమే. కాబట్టి చల్లగా నున్నప్పుడు చక్కగా బిగిసిన పిస్టను వేడెక్కినప్పుడు నిలువ చోటు లేక గోడను ఒరయును. ఒరసినకొలది వేడి పెరుగును. వేడి పెరిగినకొలది లోహము ఉబ్బును. తుదకు మెత్తని అల్యూమినియము గోడకు అంటుకొని పోవును. క్రొత్త రవిక పోలిక ఇక్కడ చెల్లదు. రవిక బిగుతైనచో కుట్టు పిగులును; పిస్టనుకు పిగులుటకు కుట్టు లేదు. మేస్త్రీలు క్లియరెన్సు అను ఆ సందును చల్లగా నున్నప్పుడే ముందుచూపుతో విడువవలెను. ఇట్టి పిస్టనుకు, ఇట్టి గొట్టమునకు విడువవలసినది అంగుళమున వేయింట మూడు నాలుగు పాళ్లు; మిల్లీమీటరు లెక్కలో ఇంచుమించు పదవవంతు.

పదవవంతన్న కంటికి ఆనునదేనా? వేసవి సెలవులలో మా వారు ప్రధానోపాధ్యాయుల అనుమతితో బడి ప్రయోగశాలనుండి స్క్రూ గేజి నొకటి తెచ్చిరి. అది మిల్లీమీటరున నూరవవంతు చూపును గాని దాని నోరు 25 మిల్లీమీటర్లకంటె తెఱచుకొనదు. 70 మిల్లీమీటర్ల పిస్టను అందులో నెట్లు పట్టును? పనికిరాదని తిరిగి పెట్టెలో పెట్టబోవుచు, ఊరకే మా తలవెండ్రుక నొకదానిని తీసి అందులో నుంచి చూచితిమి. 0.07 వచ్చెను. అమ్మాయిది 0.08. అత్తగారి తెల్లవెండ్రుక 0.06. ఏమిటీ చోద్యమని ఆమె నవ్విరి. పెద్దలు వెండ్రుకవాసి యనుట వట్టి మాట యనుకొంటిమి గాని, అది కొలతయే! పిస్టను చుట్టును విడువవలసినది, ఇటు సగము అటు సగముగా, మొత్తము మీద ఒక లావాటి వెండ్రుక. దుకాణపువాడు బొటనవ్రేలితో చూచినది ఇంతటి దానిని.

చీటీ సొమ్ము మఱల చేతికి వచ్చుటకు ఏడాది పట్టెను. 2024 సంక్రాంతి సెలవులలో మేమిద్దరము గొట్టమును, పట్టివేసిన పిస్టనును పాతపంచెలో చుట్టుకొని బెజవాడ ఆటోనగరునకు పోయితిమి. అక్కడ లారీలనుండి స్కూటర్ల వఱకు బాగుచేయించుకొన వీలుకాని వాహనము లేదేమో. వీథులు వీథులే సుత్తుల మోతతో నుండును. వెదకి వెదకి రీబోరు పనియే చేయు నొక వృద్ధ మేస్త్రి దుకాణమునకు చేరితిమి. ఆయన మా మాట వినక ముందే పిస్టనును చేతికి తీసికొని త్రిప్పి చూచి, "నాలుగు మూలలా గీసుకుంది చూడండి మాస్టారూ. పిన్నుకి ఇటు రెండు, అటు రెండు. నూనె లేక పట్టేస్తే ఇలా ఉండదు. సందు చాల్లేదు" అనిరి. సంవత్సరముపాటు పుస్తకములు చూచి మేము కనుగొన్న సంగతిని ఆయన అరనిమిషములో చదివివేసిరి! మా వారు మా వంక చూచిరి. మేము కిటికీ వంక చూచితిమి.

అరువది పిస్టనును కొని తెచ్చిన పిమ్మటగాని గొట్టమును ముట్టనని ఆయన పట్టుపట్టిరి. "ఏ రెండు పిస్టన్లూ అచ్చంగా ఒక్కలా ఉండవమ్మా. పాదం చూసి చెప్పు కుట్టాలి గానీ, చెప్పు కుట్టి పాదం వెతుక్కుంటామా?" అనిరి. కొని తెచ్చితిమి. దానిని పెద్ద మైక్రోమీటరుతో కొలుచునప్పుడు ఆయన నెత్తికడ కొలువలేదు. అడుగు అంచుకడ, పిన్ను రంధ్రమునకు అడ్డముగా కొలిచిరి. కారణమడిగితిమి. పిస్టను చూచుటకు గుండ్రముగ నుండును గాని నిజముగ గుండ్రము కాదట. నెత్తి ఎక్కువ వేడెక్కును గనుక అక్కడ సన్నము. పిన్ను వైపున లోహము దట్టముగ నుండి ఎక్కువ పెరుగును గనుక అటువైపు కొంచెము లోతక్కువ. వేడెక్కినప్పుడు అన్నియు పెరిగి సరియైన గుండ్రమగును. చల్లగా నున్నప్పుడు వంకరగ నుండుటయే దాని సొగసు.

గొట్టమును డయలున్న కొలకఱ్ఱ నొకదానిని లోపలికి దింపి పైన, నడుమ, క్రింద, నిలువుగను అడ్డముగను ఆరుచోట్ల కొలిచిరి. పిదప యంత్రమున బిగించి తొలిచిరి. తొలిచినంతనే పని కాలేదు. చివరి కొన్ని నూరవపాళ్లను సానరాళ్లు పట్టిన కడ్డీతో, నూనె పోయుచు, పైకి క్రిందికి ఆడించుచు అరగదీసిరి. దీనిని హోనింగు అందురు. గోడ అద్దమువలె నుండునని మేము తలచితిమి. అట్లుండలేదు; అల్లికవలె ఏటవాలు గీతలు ఒకదానినొకటి కోసికొనుచు సన్నగా తెలియుచుండెను. తిరగలికి గంట్లు కొట్టించినట్లన్నమాట. తిరగలి గంట్లు గింజను పట్టుకొనును. ఈ గీతలు నూనెను పట్టుకొనును. నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు పిస్టను నిమిషములో 540 మీటర్లు ఎక్కి దిగును గదా. ఆ పరుగున నూనె పొర చెడినచో మఱల నదే కథ.

హోనింగు ముగిసిన వెంటనే కొలతలు చెప్పుడని మేము తొందరపడితిమి. ఇనుము చేతికి వెచ్చగానున్నదనియు, చల్లారక కొలిచినచో కొలత అబద్ధమాడుననియు చెప్పి ఆయన టీ త్రాగుటకు పోయిరి. వచ్చి పిస్టనును గొట్టమును ఒకే బల్లమీద ప్రక్కప్రక్కల నుంచి మఱి కొంతసేపు ఊరకుండిరి. అప్పుడు కొలిచి సుద్దముక్కతో గొట్టముమీద నాలుగు అని వ్రాసిరి. వేయింట నాలుగు పాళ్లు. మా వెండ్రుకకంటె కొంచెము ఎక్కువ. ఇంటికి వచ్చు బస్సులో మేము మఱల లీలావతిని తలచుకొని లెక్క కట్టగా, మా బండి ఇప్పుడు 361 ఘన సెంటీమీటర్లు దాటినది. కాగితములలో 346 అనియే యున్నది. పెండ్లినాటి కొలతలతో ఎవరుందురు?

ఇక ఇంటిపని. మేస్త్రి చెప్పినవాటిలో మాకు మిక్కిలి నచ్చినది గొట్టమును కడుగుట. సానరాయి పొడి గీతలలో దాగియుండును. అది మిగిలినచో రింగులను తినివేయునట. పెట్రోలుతో తుడిచిన పోదట. వేడినీళ్లు, సబ్బు, కుచ్చుబ్రష్షు కావలెను. ఈ విద్యలో మగవారు మనకు చెప్పునదేమున్నది? మూడుమారులు తోమి, కడిగి, నూనె పూసిన తెల్లగుడ్డతో లోపల తుడిచి చూచితిమి. గుడ్డ బూడిదరంగయ్యెను. ఇక చాలునని మా వారనిరి. మఱల తోమితిమి. ఆఱవమారు గుడ్డ తెల్లగా వచ్చెను. ఆ వెంటనే ఇంజను నూనె పూయవలెను; తడి ఆఱిన పావుగంటలోనే క్రొత్త ఇనుము ఎఱ్ఱబడుట మా కన్నులార చూచితిమి.

పిస్టనుకు రింగులు మూడు. పై రెండును మండిన వాయువును క్రిందికి జాఱనీయవు. మూడవది గోడమీది మిగులు నూనెను గీకి దించును. రింగునకు ఒకచోట తెంపుండును. ఆ తెంపునందును సందు కావలెను. లేనిచో వేడికి కొనలు రెండును ఢీకొని రింగు విఱుగును, లేదా గోడను గీయును. గొట్టపు వ్యాసము అంగుళమునకు వేయింట నాలుగు పాళ్లు వాడుక లెక్క, మాది 2.8 అంగుళములు గనుక పదునొకటికి తగ్గరాదు. రింగును గొట్టములో నుంచి, వంకరలేకుండ పిస్టనుతో కొంచెము లోనికి నెట్టి, ఫీలరు గేజితో చూచితిమి. అది ఉక్కురేకుల కట్ట. ఒక కొన చీలవేసి యుండుటచే తాటాకు పుస్తకమువలె నుండును. పైరింగున ఎనిమిది పాళ్ల రేకు పట్టెను, తొమ్మిది పట్టలేదు. పెట్టెలోనుండి వచ్చినది క్రొత్తదే గదా, దానినేల రాయవలెనని మా వారి పక్షము. ఎదురింటి కంసాలినడిగి తెచ్చిన చిన్న ఆకురాతితో మేమే కొనను నెమ్మదిగా రాచితిమి. నాలుగు రాపిళ్లకొకమారు కొలుచుచు పండ్రెండుకు తెచ్చునప్పటికి ఒక సాయంకాలము గడచెను.

పిస్టనుకును కడ్డీకిని నడుమ పిన్ను దూర్చుటకు పిస్టనును వేడిచేయవలెను. సుత్తితో కొట్టరాదు. మఱునాడు ప్రొద్దున వంటింట ఇత్తడిగిన్నెలో నీళ్లు పోసి పిస్టనును అందులో వేసి కాచుచుంటిమి. అత్తగారు మడి కట్టుకొని అటు వచ్చి, "ఏం ఉడికిస్తున్నావమ్మాయీ?" అనిరి. ఏమి చెప్పుటకును తోచక మూత తీసి చూపితిమి. కోపపడుదురనుకొంటిమి. ఆమె వంగి చూచి, "ఇదేనా లోపల కొట్టుకునేది? ఇంతేనా!" అనిరి. ఏడాదికి పైగా ఆమె నోట ఆ బండి ప్రసంగము రాలేదు. ఆ గిన్నెను ఇక వంటకు వాడవద్దని మాత్రము ఆజ్ఞ యయ్యెను.

వెచ్చని పిస్టనులో పిన్ను వ్రేలితో నెట్టగనే జాఱిపోయెను. దానిని నిలుపు సర్‌క్లిప్పులు అను సన్నని తీగచుట్లు ఎప్పుడును క్రొత్తవే వేయవలెను. ఇంజను నోట గుడ్డ కుక్కి మఱీ వేయవలెను. లేనిచో జాఱి లోపల పడినచో మొత్తము విప్పుటయే గతి. మాదొకటి ఎగిరి లోపల పడలేదు గాని బియ్యపుచేటలో పడెను. అమ్మాయి ఏరి తెచ్చెను. పిదప రింగుల తెంపులు మూడును ఒకే వరుసకు రాకుండ మూడు దిక్కులకు త్రిప్పి, మేము వ్రేళ్లతో రింగులను అదిమిపట్టుకొని యుండగా మా వారు పైనుండి గొట్టమును దింపిరి. రింగు వెంట రింగు 'టిక్కు'మని లోనికి పోవుచుండగా మా వ్రేళ్లకు తెలిసెను. మూడవ టిక్కు వఱకు మేమిద్దరము ఊపిరి విడువలేదు.

ఫిబ్రవరిలో నొక మధ్యాహ్నము బండి పలికెను. వాకిట నిలిపియే వేడెక్కనిచ్చి, ఆర్పి, చల్లారనిచ్చి, మఱల పలికించిరి. ఇట్లు రెండుమారులైన పిదప అత్తగారిని పిలిచితిమి. ఆమె అరుగుమీద కుడిచెవి త్రిప్పి కూర్చుండి కన్నులు మూసికొని చాలసేపు వినిరి. పిదప, "బాగుందిరా. కానీ ఇది మీ నాన్నగారి బండి చప్పుడు కాదు. ఆయనదైతే ఇందులో టకటకమని ఇంకోటి ఉండేది" అనిరి. మా వారి మొగము చూడలేకపోతిమి.

ఆ రాత్రి మేస్త్రిగారికి టెలిఫోను చేసితిమి. ఆయన నవ్వి, "ఆ టకటక పిస్టనుదేనమ్మా. ఆయన అరిగిన బోరుతోనే ఏళ్ల తరబడి తోలుంటారు. వదులు పిస్టను గోడకి తగిలే మోత అది. మీ బండిక్కూడా కొంచెం ఉంటుంది. పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వినండి" అనిరి.

మఱునాడు మంచు విడకముందే లేచి బండిని పలికించితిమి. నిజమే, పెద్దమోత నడుమ సన్నగా టకటక మని యొకటి వినబడెను. నాలుగు పాళ్ల సందులో చల్లని పిస్టను అటునిటు తగులుటచే వచ్చు చప్పుడది. రెండు నిమిషములకు లోహము పెరిగి సందు పూడగా అది మెల్లగా అణగిపోయెను. తిరిగి చూతుము గదా, అత్తగారు పిలువకుండనే వచ్చి గడపకడ నిలిచి యుండిరి.

మేస్త్రి చెప్పినట్లు మొదటి 500 కిలోమీటర్లు గంటకు 40 మించనీయలేదు. ఇప్పుడు మా వారు బడికి దానిమీదనే పోవుచున్నారు. ప్రొద్దుట బండిని వాకిట నిలిపి కిక్కు కొట్టు వేళకు అత్తగారు జపమాల చేతబట్టి అరుగుమీదికి వచ్చి, కుడిచెవి అటు త్రిప్పి కూర్చుందురు. టకటక వినబడునంతసేపు ఉందురు. అది అణగగనే లేచి లోనికి పోవుదురు.